ఐదుగురి పూచీ మీద ఒక కుటుంబం: కెనడాలో శరణార్థుల మొదటి ఏడాది

యుద్ధానికి ఊరొదిలి, పక్క దేశంలో ఏళ్ల తరబడి తలదాచుకుంటున్న కుటుంబాన్ని మరో దేశం పిలిచి చోటివ్వడం చాలా అరుదు. ప్రపంచంలోని శరణార్థుల్లో చాలా ఏళ్లలో ఒక శాతం మందికి కూడా ఆ అవకాశం దక్కదు. దక్కినవాళ్లను పిలిచేది ఎక్కువగా ప్రభుత్వాలే. కెనడాలో మాత్రం నాలుగున్నర దశాబ్దాలుగా మామూలు జనం కూడా ఈ పని చేస్తున్నారు. పద్దెనిమిదేళ్లు నిండి, పౌరసత్వమో పర్మనెంట్ రెసిడెన్సీయో ఉన్న ఐదుగురు కలిసి దరఖాస్తు పెడతారు. కుటుంబం దిగబోయే ఊళ్లోనే వాళ్లూ ఉండాలి. ఏడాది పాటు ఆ కుటుంబం అద్దె, తిండి, బట్టలు, మంచిచెడ్డలు మావి అని సంతకం చేస్తారు. వందకు పైగా మత సంస్థలు, ప్రవాస సంఘాలు ప్రభుత్వంతో ఒప్పందం కుదుర్చుకుని ఇదే పని ఇంకా పెద్ద ఎత్తున చేస్తున్నాయి. 1979 నుంచి ఇలా పౌరుల పూచీ మీద కెనడా చేరినవాళ్లు 3 లక్షలకు పైనే.

దీని గురించి వచ్చే రాతల్లో చాలావరకు విమానాశ్రయంలో బెలూన్లు, కౌగిలింతలతో మొదలై దాదాపు అక్కడే ఆగిపోతాయి. మిగతావి పన్నుల డబ్బు లెక్కల దగ్గర తేలతాయి. ఆ ఏడాదిలో నిజంగా ఏం జరుగుతుందో చూస్తే, స్పాన్సర్ బృందం, అంటే పూచీ పడినవాళ్లు, ఇచ్చేవాటిలో అన్నిటికంటే విలువైనవి పరిచయాలు అని తెలుస్తుంది. ఇల్లు ఇప్పించే మనిషి, పని చెప్పే మనిషి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లే మనిషి. డబ్బుది ఆ తర్వాతి స్థానమే. కానీ అంత చనువున్న చోట పెత్తనం కూడా వచ్చి కూర్చుంటుంది. మొదటి ఏడాది బాగా గడవడం, ఆ పెత్తనాన్ని బృందం ఎంత తొందరగా వదులుకుంటుందన్న దాని మీదే చాలావరకు ఆధారపడుతుంది.

మనవాళ్లు విదేశం వెళ్లే తీరు గుర్తు చేసుకుంటే ఇది సులువుగా అర్థమవుతుంది. బ్రాంప్టన్‌కి చదువుకోవడానికి వెళ్లే కుర్రాడు విమానం ఎక్కకముందే ఏదో ఒక వాట్సాప్ గ్రూపులో చేరతాడు. ఎయిర్‌పోర్టుకి వచ్చే సీనియర్ ఎవరు, ఏ బేస్‌మెంట్‌లో ఎంతమందితో సర్దుకోవాలి, చలికోటు ఎక్కడ చవగ్గా దొరుకుతుంది, అన్నీ ముందే తెలుసు. సూట్‌కేసులో ఆవకాయ, ప్రెషర్ కుక్కర్ సరేసరి. శరణార్థి కుటుంబానికి ఈ బలగం ఉండదు. అన్నదమ్ములు మూడు దేశాల్లో చెదిరిపోయి ఉంటారు. సర్టిఫికెట్లు ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఆ బలగం చేసే పనిని ముక్కూమొహం తెలియని ఐదుగురు నెత్తిన వేసుకుంటారు.

ఓడలో చిక్కుకున్న జనంతో మొదలు

పౌరులు శరణార్థులకు పూచీ పడవచ్చన్న వీలు కెనడా 1976 వలస చట్టంలో ఉంది. 1978లో చట్టం అమల్లోకి వచ్చినా మొదట్లో దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఆ ఏడాది నవంబరులో హాయ్ హాంగ్ అనే పాత సరుకు ఓడ, వియత్నాం నుంచి పారిపోయిన దాదాపు 2,500 మందితో మలేసియాలోని పోర్ట్ క్లాంగ్ దగ్గర ఆగింది. మలేసియా వాళ్లను దిగనివ్వలేదు. ఆ ఓడ దృశ్యాలు టీవీల్లో చూసి కెనడాలో జనం కదిలారు. ఆ ఓడలోంచి 600 మందిని తీసుకుంటామని కెనడా ప్రకటించింది.

తర్వాతి ఏడాది మార్చిలో ప్రభుత్వంతో మొదటి ఒప్పందం మీద సంతకం చేసింది మెనోనైట్లు అనే క్రైస్తవ శాఖ వాళ్ల సంస్థ. ఆ మతశాఖ వాళ్లు చాలామంది 1920ల్లో సోవియట్ దేశం నుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కెనడా వచ్చినవాళ్లు, లేదా వాళ్ల పిల్లలు. 1979 జులైలో ప్రధాని జో క్లార్క్ ప్రభుత్వం 50 వేల మంది ఇండో చైనా (వియత్నాం, లావోస్, కంబోడియా) శరణార్థులను తీసుకుంటామని చెప్పి, ప్రజలు ఒకరికి పూచీ పడితే ప్రభుత్వం ఇంకొకరిని తెస్తుందని లెక్క పెట్టింది. ఒట్టావా మేయరు మారియన్ డ్యూవార్ అప్పటికే రంగంలో ఉన్నారు. దేశం మొత్తానికి ప్రకటించిన కోటా 8 వేలు, అందులో 4 వేలు వచ్చేశారు, మిగతా 4 వేల మందిని మా ఊరే తీసుకుంటుంది అన్నారామె. అదే ప్రాజెక్ట్ 4000 అయింది. టొరంటోలో ఆపరేషన్ లైఫ్‌లైన్ అనే పౌరుల ఉద్యమం పుట్టింది. 1980 చివరికి 60 వేల మంది వచ్చారు. వాళ్లలో సగానికి పైగా పౌరుల పూచీ మీదే. 1986లో ఐక్యరాజ్య సమితి శరణార్థుల సంస్థ ఇచ్చే నాన్సెన్ పతకం ఒక వ్యక్తికి కాకుండా కెనడా ప్రజలందరికీ దక్కింది.

ఈ కథ చెప్పేటప్పుడు ఒక సంగతి తరచుగా జారిపోతుంది. జనం అనుకున్నదానికంటే ఎక్కువగా ముందుకొచ్చేసరికి, 1979 డిసెంబరులో ప్రభుత్వం ఒకరికి ఒకరు అన్న మాట తప్పింది. ప్రజలు అదనంగా తెచ్చినవాళ్లను తన వాటాలో జమ కట్టుకుంది. దాని మీద గొడవ జరిగి, ప్రభుత్వం మారాక 1980 ఏప్రిల్లో ఇంకో 10 వేల మందిని చేర్చారు. పౌరులు చేసే సాయం ప్రభుత్వ బాధ్యతకు అదనమా, లేక దానికి బదులా అన్న తగువు అప్పటినుంచీ తెగలేదు. స్పాన్సర్ల సంఘాలు ఇప్పటికీ ప్రతి ఏటా కోటాలు ప్రకటించగానే ముందు చూసుకునేది ఈ లెక్కే.

మొదటి వారం

కుటుంబం దిగే రోజు హడావుడి పెద్దదే గానీ అందులో చిక్కులు తక్కువ. ఒక్కటి మాత్రం మొదటిసారి చేసే బృందాలకు తట్టదు: పిల్లల కారు సీట్లు. ఒంటారియో రాష్ట్రంలో ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు వయసును, బరువును బట్టి తగిన సీటు ఉండాలని చట్టం. నలుగురు పిల్లలున్న కుటుంబం వస్తోందంటే రెండు వ్యాన్లు, నాలుగు సీట్లు, అవి బిగించడం తెలిసిన మనిషి కావాలి. అవతల కుటుంబం ముప్ఫై గంటల ప్రయాణం చేసి, అంతర్జాతీయ వలసల సంస్థ ఇచ్చిన ప్లాస్టిక్ సంచి మెడలోనో చేతిలోనో పట్టుకుని బయటికొస్తుంది. కాగితాలన్నీ ఆ సంచిలోనే ఉంటాయి. దిగిన క్షణం నుంచే వాళ్లు పర్మనెంట్ రెసిడెంట్లు. ఈ విషయం స్పాన్సర్లు కూడా మరిచిపోతుంటారు. వచ్చినవాళ్లు ఎవరి దయ మీదా ఉండటం లేదు, చట్టప్రకారం హక్కుతో ఉంటున్నారు.

ఇల్లు సర్దడంలో ఉత్సాహం ఎప్పుడూ ఎక్కువే. సామాన్లు ఇస్తారా అని అడిగితే చాలు, వారంలో మూడు సోఫాలు, పదిహేను చలికోట్లు, ఒక పియానో వచ్చి పడతాయి. నిజానికి మొదటి రాత్రికి కావాల్సినవి మంచాలు, దుప్పట్లు, వేడిగా తినడానికి వాళ్లకు అలవాటైన వంట, బియ్యం, టీపొడి, చక్కెర, గుడ్లు. మిగతా వాటికి డబ్బు పక్కన పెట్టి, వారం తర్వాత ఇల్లాలిని దుకాణానికి తీసుకెళ్లడం మేలు. గిన్నెలు, కర్టెన్లు తను ఎంచుకోవాలని ఎవరికి మాత్రం ఉండదు? పదేళ్లుగా ఎవరో ఇచ్చిందే వాడుతూ వచ్చిన మనిషికి ఆ ఎంపిక చిన్న విషయం కాదు.

వంటింట్లో ఇంకో సంగతి ఉంది. కరెంటు పొయ్యి మీద నూనె కాగగానే పొగ అలారం మోగుతుంది. బాంబుల సైరన్లు విన్న పిల్లలున్న ఇంట్లో ఆ మోత ఏం చేస్తుందో ఊహించవచ్చు. అందుకే అనుభవమున్న బృందాలు మొదటి రోజే అలారాన్ని కావాలని ఒకసారి మోగించి, ఎలా ఆపాలో చూపిస్తాయి. అత్యవసర నంబరు 911కి ఎప్పుడు ఫోన్ చేయాలో, తలుపు తట్టినవాడికల్లా తీయక్కర్లేదని, హీటర్ మీట ఎక్కడుందో, చెత్తలో ఏది ఏ డబ్బాలో వేయాలో కూడా అలాగే. చెత్త డబ్బాల పాఠం అన్నిటికంటే కష్టమని స్పాన్సర్లు సరదాగా అంటుంటారు. ఊరికో నియమం కాబట్టి అది అక్కడే పుట్టి పెరిగినవాళ్లకీ కష్టమే.

ఇక కాగితాలు. సోషల్ ఇన్సూరెన్స్ నంబరు, బ్యాంకు ఖాతా, ఆరోగ్య కార్డు, పిల్లల బడి, పిల్లల భత్యం దరఖాస్తు, ఈ వరసలో వెళ్తాయి. చాలామంది శరణార్థుల పుట్టినరోజు జనవరి 1 అని ఉంటుంది. అసలు తేదీ నమోదు కాని చోట అధికారులు రాసేసేది అదే. ఒకే ఇంట్లో తల్లిదండ్రులు, ఇద్దరు పిల్లలు అందరూ జనవరి 1న పుట్టారంటే క్లినిక్ కంప్యూటరు తికమకపడుతుంది. ఇంటిపేరు లేకుండా ఒక్క పేరే ఉండే అఫ్గాన్లకు ఇంటిపేరు గడి దగ్గర వచ్చే ఇబ్బంది, పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందో వెనకో తెలియక అమెరికా వీసాలో మన వాళ్లు పడే తంటా లాంటిదే. మొదటి కాగితం మీద పేరు ఏ స్పెల్లింగుతో పడితే తర్వాతి కాగితాలన్నీ దాన్నే పట్టుకుని నడుస్తాయి. అందుకే మొదటి వారంలో అక్షరం అక్షరం సరిచూడటం తర్వాత నెలల తరబడి తిరిగే పని తప్పిస్తుంది.

వైద్యం దగ్గర కేంద్రం నడిపే తాత్కాలిక ఆరోగ్య పథకం మొదటి ఏడాది మందులకు, కళ్లజోళ్లకు, కొంతమేర పళ్ల వైద్యానికి పనికొస్తుంది. 2012లో ప్రభుత్వం దాన్ని బాగా కత్తిరిస్తే, 2014లో ఫెడరల్ కోర్టు తప్పుపట్టింది, 2016 ఏప్రిల్లో పూర్తిగా తిరిగొచ్చింది. పథకం కాగితం మీద ఉన్నా దాన్ని తీసుకునే పళ్ల డాక్టరు దొరకడం వేరే పని. స్పాన్సర్లలో ఒకరు రోజంతా క్లినిక్ తర్వాత క్లినిక్‌కి ఫోన్లు చేసి పట్టుకోవాలి. పరిచయాల విలువ అంటే ఇదే. దుబాసి విషయంలో మాత్రం ఒక పొరపాటు దాదాపు ప్రతి ఇంట్లో జరుగుతుంది. ఇంగ్లిష్ తొందరగా పట్టుకునేది పెద్ద కూతురో కొడుకో కాబట్టి, తల్లి కడుపునొప్పి గురించి డాక్టరుకి చెప్పే పని కూడా ఆ పదమూడేళ్ల పిల్ల మీద పడుతుంది. ఫోన్‌లో దుబాసి దొరికే సదుపాయం చాలా ఆసుపత్రుల్లో ఉంది. అడిగితేనే పెడతారు. అడగడం స్పాన్సర్ పని.

డబ్బు ఎవరి చేతిలో

2015-16లో సిరియా కుటుంబాలు వచ్చినప్పుడు, నలుగురున్న కుటుంబానికి ఏడాదికి దాదాపు 27 వేల డాలర్లు కావాలని అంచనా. దానంగా వచ్చిన సామాన్ల విలువ కూడా అందులో కొంత కలుపుకోవచ్చు. నెలనెలా ఇచ్చే మొత్తం ఆ రాష్ట్రంలోని సంక్షేమ భృతికి తగ్గకూడదు. చిన్న ఊళ్లలో దానితో గుట్టుగా నెట్టుకురావచ్చు. టొరంటో, వాంకూవర్లలో అద్దెకే సరిపోదు. ఒంటారియోలో ఇల్లు తీసుకోవాలంటే మొదటి నెల, చివరి నెల అద్దె ముందే చెల్లించాలి. క్రెడిట్ హిస్టరీ లేనివాడికి ఇల్లిచ్చేది ఎవరు? అక్కడే స్పాన్సర్ సంతకం పనిచేస్తుంది. 2016 చలికాలంలో ప్రభుత్వం తెచ్చిన సిరియా కుటుంబాలు టొరంటో హోటళ్లలో వారాల తరబడి ఇళ్ల కోసం ఎదురుచూశాయి. ఐదారుగురు పిల్లలున్న కుటుంబానికి సరిపడే ఇల్లు దొరకడమే గగనం. పౌరుల పూచీ మీద వచ్చినవాళ్లలో చాలామంది నేరుగా ఇంటికి వెళ్లారు.

బృందం పోగుచేసిన డబ్బు కుటుంబానికి ఎలా చేరాలన్నది ఆ ఏడాదిలో అన్నిటికంటే సున్నితమైన విషయం. సులువైన పద్ధతి అద్దె మనమే కట్టేసి, సరుకులు మనమే కొనిచ్చేసి, మిగతాది అడిగినప్పుడు ఇవ్వడం. చాలా బృందాలు మంచి మనసుతోనే ఇలా మొదలుపెడతాయి. మూడు నెలలు గడిచేసరికి, నలభై ఏళ్లు దాటి, సొంత దుకాణం నడిపిన మనిషి బస్సు పాసుకి డబ్బు అడగాల్సి వస్తుంది. దానివల్ల వచ్చే చేదు ఏ ఇంగ్లిష్ క్లాసుతోనూ పోదు. మొదటి వారమే ఖాతా కుటుంబం పేరు మీద తెరిచి, నెల మొదటి తేదీన మొత్తం అందులో వేసి, కార్డు వాళ్ల చేతికిచ్చి, అద్దె చెక్కు వాళ్లతోనే రాయించడం సరైన పద్ధతి. మొదటి నెల వాళ్లు ఫోన్‌కో టీవీకో ఎక్కువ పెట్టేస్తారు. పెట్టనివ్వాలి. రెండో నెల వాళ్లే చూసుకుంటారు.

ఇంటికి పంపే డబ్బు గురించి కూడా బృందాల్లో గొణుగుడు వినిపిస్తుంది. మేం చందాలు ఎత్తి ఇచ్చిన డబ్బులో వంద డాలర్లు లెబనాన్‌లో ఉన్న అమ్మకి పంపారట, అని. గల్ఫ్ నుంచి వచ్చే మనీ ఆర్డర్లతో ఇళ్లు లేచిన కరీంనగర్, నిజామాబాద్, కోనసీమ వాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు. తాను కడుపునిండా తింటూ అమ్మకి పంపకుండా ఉండగలిగే మనిషి అరుదు. డబ్బు ఒకసారి వాళ్ల ఖాతాలో పడ్డాక అది వాళ్లది. ఇచ్చిన సాయానికి బదులు పని చేయమని గానీ, తర్వాత తిరిగి కట్టమని గానీ అడిగే వీలు స్పాన్సర్లకు లేదు. అయినా కృతజ్ఞత అనే కనపడని బాకీ ఉంటుంది. ఆదివారం చర్చికి రమ్మని ముస్లిం కుటుంబాన్ని ఎవరూ బలవంతపెట్టరు. కానీ పిలిస్తే కాదనడం ఆ కుటుంబానికి ఎంత కష్టమో పిలిచినవాళ్లకు చాలాసార్లు తెలియదు.

భాష ముందా, పని ముందా

ప్రభుత్వం ఉచితంగా నడిపే ఇంగ్లిష్, ఫ్రెంచ్ తరగతులు ఉన్నాయి. వాటిలో ఏడాదో రెండేళ్లో కూర్చుంటే చదువుకి తగ్గ పని దొరికే అవకాశం పెరుగుతుంది. అల్బర్టాలోని బ్రూక్స్ లాంటి ఊళ్లలో మాంసం ప్యాకింగ్ ఫ్యాక్టరీ పని భాష పెద్దగా రాకపోయినా దొరుకుతుంది. సుడాన్, సోమాలియా శరణార్థులు అక్కడ అలాగే స్థిరపడ్డారు. స్పాన్సర్ బృందాలు తమ పరిచయాలతో పని తొందరగా ఇప్పిస్తాయి, అది వాళ్ల బలం. అదే తొందరలో తరగతులు మూలపడతాయి. ఇంటాయన గిడ్డంగిలో రాత్రి షిఫ్టు, ఇల్లాలు పసివాళ్లతో ఇంట్లో, ఇద్దరికీ భాష రాకపోతే ఏడాది చివర బృందం తప్పుకోగానే ఆ ఇల్లు మూగబోతుంది. భార్యాభర్తల్లో ఒకరు పనికి, ఒకరు తరగతికి, ఆరు నెలలకు మార్చుకోవడం అన్నది కొందరు చేసి చూసిన సర్దుబాటు. అందరికీ కుదరదు. నిర్ణయం వాళ్లది కావాలన్నది మాత్రం అందరికీ వర్తిస్తుంది.

విజయగాథలు ఇక్కడ కాస్త అడ్డు వస్తాయి. డమాస్కస్‌లో చాక్లెట్ ఫ్యాక్టరీ పోగొట్టుకున్న హద్హాద్ కుటుంబం నోవా స్కోషియాలోని ఆంటిగొనిష్ అనే చిన్న ఊరు చేరి, పీస్ బై చాక్లెట్ అనే కంపెనీ పెట్టింది. 2016లో ప్రధాని జస్టిన్ ట్రూడో ఐక్యరాజ్య సమితిలో వాళ్ల ప్రస్తావన తెచ్చారు. అందులో ఆ ఊరి స్పాన్సర్ల చేయూత, ఆ కుటుంబానికి ముందే ఉన్న వ్యాపార అనుభవం రెండూ ఉన్నాయి. అది చదివిన బృందాలు తమ కుటుంబం కూడా ఏడాదిలో ఏదో సాధించాలని ఎదురుచూడటం మొదలుపెడితే, నిరక్షరాస్యుడైన రైతు కూలీకి అది టెన్షన్ తప్ప ఇంకేమీ కాదు.

చిన్న ఊళ్లకు ఇంకో దెబ్బ తగులుతుంది. ఇల్లు, బడి, పని అన్నీ కుదిర్చాక ఒకరోజు కుటుంబం టొరంటో వెళ్లిపోతున్నామంటుంది. అక్కడ తమ భాష మాట్లాడేవాళ్లు, మసీదు, హలాల్ దుకాణం, బావమరిది ఉన్నారు. 1980ల్లో వియత్నాం కుటుంబాలు కూడా మారుమూల ఊళ్ల నుంచి పెద్ద నగరాలకు అలాగే కదిలాయి. మనిషి తనవాళ్లున్న చోటికే పోతాడు. 1962లో బర్మాలో సైన్యం అధికారం పట్టాక, వ్యాపారాలు జాతీయం చేశాక, అక్కడినుంచి తిరిగొచ్చిన తెలుగువాళ్లు విశాఖపట్నంలో కంచరపాలెం వైపు గుంపుగా స్థిరపడ్డారు. బర్మా క్యాంపు అన్న పేరు ఇప్పటికీ ఉంది. చట్టం దృష్టిలో వాళ్లు శరణార్థులు కారు, స్వదేశం చేరినవాళ్లు. 1969లో వాళ్ల కోసమూ శ్రీలంక నుంచి వచ్చినవాళ్ల కోసమూ మద్రాసులో రెప్కో బ్యాంకు పెట్టి అప్పులిచ్చారు. పూచీ పడిన ఇరుగుపొరుగు ఎవరూ లేకపోయినా ఒకరికొకరు ఉన్నారు. కుటుంబం ఊరు విడిచి వెళ్తే స్పాన్సర్లు తమ పని ఓడిపోయిందనుకుంటారు గానీ, బస్సు టికెట్టు సొంతంగా కొనుక్కుని, ఇల్లు తామే చూసుకుని వెళ్లిన కుటుంబం నిజానికి నిలదొక్కుకున్నట్టే.

పదమూడో నెల

స్పాన్సర్ల మాటల్లో పదమూడో నెల అంటే ఒక భయం. పన్నెండు నెలలకు ఒప్పందం ముగుస్తుంది, నెలనెలా వచ్చే డబ్బు ఆగుతుంది. సంపాదన చాలకపోతే కుటుంబం రాష్ట్ర సంక్షేమ భృతికి దరఖాస్తు పెట్టుకోవాలి. అదే సమయంలో ఇంకో బిల్లు మొదలవుతుంది. విమాన టికెట్లు, వైద్య పరీక్షల ఖర్చు శరణార్థులు అప్పుగా తీసుకుని వస్తారు. పెద్ద కుటుంబానికి అది వేల డాలర్లలో ఉంటుంది. 2018 వరకు దాని మీద వడ్డీ కూడా వేసేవారు. ఇప్పుడు వడ్డీ లేదు, వాయిదాలు వచ్చిన ఏడాది తర్వాత మొదలవుతాయి. అంటే సరిగ్గా చేయూత ఆగే సమయానికి. 2015 నవంబరు తర్వాత వచ్చిన సిరియా వాళ్లకు ఈ అప్పు మాఫీ చేశారు. అంతకుముందు వచ్చిన సిరియా కుటుంబాలకూ ఇతర దేశాల వాళ్లకూ ఆ మాఫీ లేకపోవడం మీద అప్పట్లో విమర్శలు గట్టిగానే వచ్చాయి.

గడువులు ఇంకొన్ని ఉన్నాయి. దరఖాస్తులో పేరు రాసి, వెంట రాలేకపోయిన భార్యనో భర్తనో పిల్లలనో తెచ్చుకోవడానికి దిగిన నాటి నుంచి ఏడాది లోపే ప్రత్యేక అవకాశం ఉంది. ఆ సంగతి ఎవరూ చెప్పక గడువు దాటితే మామూలు కుటుంబ స్పాన్సర్‌షిప్ దారిలో మళ్లీ మొదటికి రావాలి. పిల్లల భత్యం కొనసాగాలంటే ఆదాయం సున్నా అయినా తల్లిదండ్రులిద్దరూ ఏటా పన్ను రిటర్ను వేయాలి. వేయకపోతే జులైలో డబ్బు ఆగిపోతుంది. 2016లో ఆ భత్యం ఆరేళ్ల లోపు బిడ్డకు ఏడాదికి 6,400 డాలర్ల వరకు ఉండేది. ఎక్కువమంది పిల్లలున్న ఇంటికి అదే వెన్నెముక.

అందువల్ల బాగా చేసే బృందాలు ఎనిమిదో నెల నుంచే తప్పుకోవడం మొదలుపెడతాయి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం మానేసి, అపాయింట్‌మెంట్ వాళ్లతోనే ఫోన్ చేయించి పక్కన కూర్చుంటారు. తర్వాత పక్కన కూడా కూర్చోరు. చూసేవాళ్లకు ఇది నిర్లక్ష్యంలా ఉంటుంది. పన్నెండో నెల చివరి రోజు వరకు అన్నీ చేసిపెట్టి, మర్నాడు మాయమవడంతో పోలిస్తే ఇది చాలా నయం.

ఇదంతా ఫలితమిస్తుందా అంటే, ఆధారాలు ఇస్తుందనే అంటున్నాయి. ప్రభుత్వ గణాంకాల సంస్థ స్టాటిస్టిక్స్ కెనడా చేసిన అధ్యయనంలో, ప్రభుత్వం తెచ్చిన శరణార్థుల కంటే పౌరుల పూచీ మీద వచ్చినవాళ్లకు పని, సంపాదన మొదటి ఏళ్లలో మెరుగ్గా ఉన్నాయి. చదువు తక్కువ ఉన్నవాళ్లలో ఆ తేడా చాలా ఏళ్లు నిలిచింది. అయితే ప్రభుత్వం తెచ్చేవాళ్లలో జబ్బులతో, చిత్రహింసల గాయాలతో, ఒంటరి తల్లులుగా ఉన్నవాళ్లు ఎక్కువ అన్నది మరిచి ఈ పోలిక చేయకూడదు. పౌరుల పూచీలో చాలాసార్లు కుటుంబం పేరు చెప్పేది అప్పటికే కెనడాలో ఉన్న బంధువు. వచ్చినవాళ్లు స్థిరపడ్డాక తమ అన్ననో అక్కనో పిలిపించుకోవడానికి మళ్లీ అదే బృందం దగ్గరికి వస్తారు. దానివల్ల క్యూ పెరిగింది. కెనడాలో బంధువులెవరూ లేని శరణార్థి ఆ క్యూలో చివరికి జరిగాడు. ఈ లోటు సరిచేయడానికే 2013లో, ఐక్యరాజ్య సమితి సంస్థ సూచించిన కుటుంబానికి ప్రభుత్వం ఆరు నెలలు, స్పాన్సర్లు ఆరు నెలలు భరించే మధ్యేమార్గం పెట్టారు.

కెనడాను చూసి మిగతా దేశాలు కూడా ప్రయత్నించాయి. బ్రిటన్ 2016లో ఇలాంటి పథకం పెట్టి, 2022 మార్చిలో ఉక్రెయిన్ వాళ్లకు ఇంట్లో చోటిచ్చేవారికి నెలకు 350 పౌండ్లు ఇచ్చింది. అమెరికా 2023 జనవరిలో వెల్కమ్ కోర్ అనే పథకం మొదలుపెట్టింది. అక్కడా ఐదుగురే, కానీ బాధ్యత 90 రోజులే. 2025 జనవరిలో ట్రంప్ ప్రభుత్వం శరణార్థుల రాకనే ఆపేయడంతో అదీ ఆగింది.

కెనడాలోనూ తలుపు సగం మూసుకుంది. ఏటా తీసుకునే సంఖ్యకు ఎన్నో రెట్లు దరఖాస్తులు పేరుకుపోవడంతో, ఐదుగురి బృందాల నుంచి, స్థానిక సంస్థల నుంచి కొత్త దరఖాస్తులు తీసుకోవడం 2024 నవంబరు చివర్లో ఆపేశారు. 2025 డిసెంబరు 31 వరకు అని అప్పుడు ప్రకటించారు. ఒప్పందాలున్న పెద్ద సంస్థలకు కోటా ఉంది. 2025కి పౌరుల పూచీ మీద వచ్చేవాళ్ల లక్ష్యం 23 వేలు. అలాగని సాయం చేయాలనుకునేవాళ్లకు పని లేకుండా పోలేదు. సొంతంగా సరిహద్దుకో విమానాశ్రయానికో వచ్చి ఆశ్రయం కోరేవాళ్లకు పూచీదారులే ఉండరు. 2023 జులైలో టొరంటో నడిబొడ్డున పీటర్ స్ట్రీట్‌లోని ఆశ్రయ కేంద్రం బయట, ఆఫ్రికా దేశాల నుంచి వచ్చినవాళ్లు చోటులేక పేవ్‌మెంట్ మీద పడుకున్నారు. నగరపాలక సంస్థా, కేంద్రమూ ఖర్చు ఎవరిదని వాదించుకుంటుంటే, వాళ్లను బస్సులెక్కించి తీసుకెళ్లి పడుకోబెట్టింది నల్లజాతి వాళ్ల చర్చిలు. అద్దె ఒప్పందం చదివిపెట్టడం, వర్క్ పర్మిట్ దరఖాస్తు నింపడం, పళ్ల డాక్టరుని వెతికిపెట్టడం అక్కడా కావాల్సిన పనులే. వాటికి ఎవరి అనుమతీ, ఏ కోటా అక్కర్లేదు.